పితరుల పేర్లు వెదకువారు



పరిశుద్ధ గ్రంథమును మొదటినుండి చివరివరకు చదువుదుమని పూనుకొనిన వారందరును కొన్ని చోట్ల తడబడుదురు. ఆదికాండము అయిదవ అధ్యాయము, దినవృత్తాంతముల మొదటి గ్రంథపు తొలి తొమ్మిది అధ్యాయములు, మత్తయి సువార్త ఆరంభము, ఇవన్నియు పేర్ల పట్టికలు. కుటుంబ ప్రార్థనలో ఈ భాగములు వచ్చినప్పుడు ఇంటి పెద్ద చూపు మెల్లగా తరువాతి పుటమీదికి జారుట పిల్లలు కూడ కనిపెట్టుదురు. అయినను ఆ పేర్లు అక్కడనే యున్నవి. అదే గ్రంథములో పౌలు తిమోతికిని తీతుకును వ్రాయుచు, అంతములేని వంశావళుల జోలికి పోవద్దనియు, వాటివలన తర్కములే గాని ప్రయోజనము కలుగదనియు హెచ్చరించెను. ఒక చేతితో పట్టికను ఇచ్చి మరియొక చేతితో హెచ్చరికను ఇచ్చుచున్న ఈ గ్రంథమును మనమెట్లు గ్రహింపవలెను? మనుష్యుడు తన పితరులను వెదకుట మంచిదా? వెదకి కనుగొనిన దానితో అతడేమి చేయవలెను? ఈ ప్రశ్నలను ఈ నెల మేము దూరదేశపు కుటుంబమొకదానిని ముందుంచుకొని ఆలోచింప తలంచితిమి.

ఆ దేశము అమెరికా. అక్కడ ఈ వెదకులాట చాలమందికి ఇష్టమైన పని. బోస్టను పట్టణములో 1845వ సంవత్సరమందే వంశ చరిత్రలను సేకరించుటకు ఒక సమాజము స్థాపింపబడినది; అది నేటికిని పనిచేయుచున్నది. తమ పితరులు విప్లవయుద్ధమునకు తోడ్పడిరని కాగితములతో రుజువు చేయగల స్త్రీలకు మాత్రమే సభ్యత్వమిచ్చు సమాజమొకటి 1890లో ఏర్పడినది. ఇప్పుడైతే ఒక చిన్న గొట్టములో ఉమ్మి పంపినయెడల నీ వంశము ఫలాని ప్రాంతముదని చెప్పు కంపెనీలును కలవు. ఆ దేశస్థులు విశేషముగా వెదకునది పయొనీరు కుటుంబములను. పయొనీరులనగా, సామాను బండ్లమీద వేసికొని పడమటి అడవులలోనికిని గడ్డి మైదానములలోనికిని పోయి, చెట్లు నరికి, దుంగలతో ఇల్లు కట్టుకొని, అక్కడ నాగలి పెట్టిన తెల్లవారు. మా ముత్తాత అట్టివాడని చెప్పుకొనుట అక్కడ గొప్ప.

ఆ గొప్పతో పల్లెలలోని మనకేమి పని యని అడుగువారు ఉందురు. మన తెలుగు దేశమునకు సువార్త తెచ్చిన దొరలలో కొందరు అట్టి కుటుంబములలోనుండియే వచ్చిరి. ఒంగోలు క్లౌ దొరగారు 1836లో న్యూయార్కు రాష్ట్రపు పడమటి భాగమున పుట్టి, అయోవా మైదానములో పెరిగి, యౌవనమున మినెసోటా ప్రాంతములో భూమి కొలుచు సర్వేయరుల గుంపుతో పనిచేసెను. 1866లో ఆయన ఒంగోలు చేరెను. ఆ కొలతల సంగతి తరువాత మరల చెప్పుదుము.

అమెరికాలో పితరులను వెదకువారు మొదట చూచునవి జనాభా లెక్కలు. ఆ దేశమందు 1790 మొదలుకొని పదేండ్లకొకసారి జనులను లెక్కించుచున్నారు. కాని 1840 వరకు ఆ లెక్కలలో ఇంటి యజమానుని పేరు మాత్రమే వ్రాసిరి. భార్య, బిడ్డలు, ముసలి తల్లి వట్టి అంకెలుగా ఉండిరి. 1850లోనే స్వతంత్రులైన ప్రతివారి పేరును వ్రాయుట మొదలైనది. 1890 లెక్కల పుస్తకములలో మిక్కిలి భాగము 1921లో వాషింగ్టనునందు జరిగిన అగ్నిప్రమాదములో పాడైపోయెను. కనుక వెదకువారు వీలునామాలు, భూమి దస్తావేజులు, పన్ను జాబితాలు, సమాధి రాళ్లు, సంఘపు మినిట్సు పుస్తకములు తిరుగవేయుదురు.

మరియొక సాక్ష్యము కలదు. అది మన చదువరులకు దగ్గరిది. పూర్వము అక్కడి ఇండ్లలోని పెద్ద బైబిళ్లలో పాత నిబంధనకును క్రొత్త నిబంధనకును నడుమ కొన్ని ఖాళీ పుటలుండెడివి. పుట్టుకలు, పెండ్లిండ్లు, మరణములు వాటిలో వ్రాసికొనెడివారు. విప్లవయుద్ధములో పనిచేసిన సైనికుల విధవలకు ప్రభుత్వము పింఛను ఇచ్చునప్పుడు, నీవు ఫలానివాని భార్యవని రుజువేమి యని అడిగెను. వేరు కాగితము లేని ఆ ముసలమ్మలు కొందరు తమ బైబిలులోని ఆ పుటనే చింపి పంపిరి. ఆ పుటలు నేటికిని ప్రభుత్వ దస్తరములలో భద్రముగా ఉన్నవి. బైబిలు చింపుట తప్పుకాదా అని ఎవరైనను అడిగినచో, ఆకలిగొనిన దావీదు సముఖపు రొట్టెలు తినిన సంగతి జ్ఞాపకము చేసికొనుమని మాత్రము చెప్పుదుము.

ఇక మనము ముందుంచుకొనిన కుటుంబము లింకనులది. బానిసలను విడిపించు ప్రకటన చేసి, 1865లో తుపాకి దెబ్బకు మరణించిన ప్రెసిడెంటు అబ్రహాము లింకను పేరు మన బడిపిల్లలకు కూడ తెలియును. ఆయనకు తన పితరులెవరో సరిగా తెలియదన్న సంగతి చాలమందికి తెలియదు. ఆయనకు తెలిసినది తాతవరకే. తాత పేరును అబ్రహామే. ఆ తాత వర్జీనియాలోని రాకింగ్‌హాము కౌంటీనుండి కెంటకీకి వచ్చెననియు, అంతకు ముందు తమవారు పెన్సిల్వేనియాలోని బెర్క్సు కౌంటీవారనియు, క్వేకరు మతస్థులనియు ఇంటిలో చెప్పుకొనుట ఆయన వినెను. 1848లో ఆయన కాంగ్రెసు సభ్యుడైయుండగా మసాచుసెట్సు రాష్ట్రపు హింగాము అను ఊరిలోని లింకనులలో ఒకరితో ఉత్తరములు నడిపెను. వర్జీనియాలోని మరియొక లింకనుకును వ్రాసెను. రెండు కుటుంబములలోను మొర్దెకై, లేవి, హనోకు, సొలొమోను, అబ్రాహాము అను ఒకే విధమైన బైబిలు పేర్లున్నవని తేలెను; అంతకు మించి ఏమియు తేలలేదు. 1859లో తన జీవితమునుగూర్చి క్లుప్తముగా వ్రాసి ఇచ్చినప్పుడు ఆయన ఈ సంగతి దాచలేదు. తన తలిదండ్రులు చెప్పుకొనదగినంత పేరుగల ఇంటివారు కారని కూడ వ్రాసెను. ప్రెసిడెంటు పదవికి నిలువబోవువాడు అట్లు వ్రాసుకొనుట మన ఎన్నికల కరపత్రములు చదువువారికి వింతగా తోచును.

ఆయన చనిపోయిన తరువాత పండితులు వీలునామాలను దస్తావేజులను ఒకదాని ప్రక్క ఒకటి పెట్టి చూచి దారి కనుగొనిరి. హింగామే ఆ వంశపు ఊరు. ఇంగ్లండులోని నార్ఫోకు సీమలో అదే పేరుగల హింగాము గ్రామపు దేవాలయములో 1622 ఆగస్టు 24న బాప్తిస్మము పొందిన సమూయేలు లింకను, 1637లో ఒక నేతగాని యొద్ద పనివాడుగా ఓడ ఎక్కెను. ఓడ పట్టికలో అతని వయస్సు 18 అని యున్నది. గుడి రిజిస్టరు ప్రకారము చూచిన 15 కూడ నిండలేదు. బాప్తిస్మము ఆలస్యమాయెనో, ఓడ ఎక్కుటకు వయస్సు పెంచి చెప్పిరో, బడిలో చేర్చునప్పుడు బిడ్డల వయస్సు సరిచేయు మనకు ఇది క్రొత్త కాదు. సమూయేలు కుమారుడు మొర్దెకై. అతని కుమారుడు మరియొక మొర్దెకై న్యూజెర్సీకి పోయి, అక్కడనుండి పెన్సిల్వేనియాకు పోయెను. అతని కుమారుడు యోహాను 1768లో వర్జీనియా చేరెను. యోహాను కుమారుడు అబ్రహాము కెంటకీకి, అతని కుమారుడు థామసు 1816లో ఇండియానాకు, 1830లో ఇల్లినాయికి పోయిరి. థామసు కుమారుడే ప్రెసిడెంటు. సమూయేలుతో లెక్కించిన ఆయనది ఏడవ తరము. ప్రతి తరమును, లేదా రెండు తరములకొకసారి, ఇల్లు విడిచి పడమటికి కదలెను. అందుచేతనే దారి తప్పిపోయెను. చదువురాని గుమాస్తాలు కొందరు కెంటకీ కాగితములలో ఈ ఇంటిపేరును లింక్‌హార్ను అని కూడ వ్రాసిరి.

తండ్రివైపు ఇట్లు తేలెను. తల్లివైపు కథ వేరు, దానిలో వేదన కలదు. ప్రెసిడెంటు తల్లి నాన్సీ హాంక్సు. ఆయనకు తొమ్మిదేండ్లప్పుడు, 1818 అక్టోబరు 5న, ఇండియానా అడవిలో ఆమె చనిపోయెను. విషపు మొక్కను మేసిన ఆవుల పాలు త్రాగుటవలన కలుగు పాలజబ్బు ఆ ఏడు ఆ ప్రాంతమును పట్టెను. ఆమె పుట్టుకను గూర్చి జనులు గుసగుసలాడిరి. ఆమె తల్లి లూసీకి పెండ్లి కాకమునుపే ఆమె పుట్టెనని లింకను తనతో 1850 ప్రాంతమున చెప్పెనని, ఆయనతో కలిసి వకీలుపని చేసిన హెర్న్‌డను తరువాత వ్రాసెను. గుసగుస అక్కడ ఆగలేదు; నాన్సీకి థామసుతో కూడ పెండ్లి జరుగలేదనియు, కాబట్టి ప్రెసిడెంటు పుట్టుకయు అట్టిదేననియు శత్రువులు పుకారు లేపిరి. వారు కాపురమున్న హార్డిను కౌంటీలో వెదకగా పెండ్లి కాగితము కనబడలేదు. ఆయన సమాధిలోనికి పోయిన తరువాతనే అది ప్రక్కనున్న వాషింగ్టను కౌంటీ కచేరీలో దొరికినది. జెస్సీ హెడ్ అను మెథడిస్టు బోధకుడు 1806 జూన్ 12న తాను ఆ పెండ్లి చేసితినని వ్రాసి కచేరీకి పంపియుండెను.

పల్లెటూరి బోధకుడొకడు తన పని తాను చేసి, రెండు పంక్తులు వ్రాసి పంపుటచేత, డెబ్బది ఏండ్ల తరువాత ఒక తల్లి పరువు నిలిచినది. పెండ్లి రిజిస్టరు వ్రాయుట మన పాస్టరుగార్లకు విసుగైన పని యని మేమెరుగుదుము. అయినను ఇది చదివి కలము తీసికొనుడి.

లూసీ సంగతి మాత్రము వేరు. నాన్సీ నిజముగా లూసీ కుమార్తెయే యని 2015లో తల్లివైపు బంధువుల రక్తసంబంధమును శాస్త్రజ్ఞులు పరీక్షించి తేల్చిరి. నాన్సీ తండ్రి యెవరో కాగితము చెప్పలేదు. అది దొరకని పేరుగానే నిలిచినది. కొందరు చరిత్రకారులు ఈ మచ్చను కడుగుటకు చాల పాటుపడి, లూసీ స్థానములో వేరొక తల్లిని నిలిపిరి. వారి ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని మత్తయి ఏమి చేసెనో చూడుడి. ప్రభువు వంశావళిలో ఆయన తామారును, రాహాబును, రూతును, ఊరియా భార్యగా ఉండినదానిని పేర్కొనెను. శారా, రిబ్కా, లేయా అనువారిని వదలి ఈ నలుగురిని ఎత్తి చెప్పెను. దాచదలచినవాడైతే దాచుట ఎంత సులువు! ఆ పట్టికను మనము చదువక విడుచునప్పుడు విడుచుచున్నది ఇదియే.

ఇక్కడ మన ఇంటి సంగతి ఒకటి చెప్పవలెను. పట్నములో ఉద్యోగము చేయు మన బిడ్డలలో కొందరు తమ తాతలు ఏ పల్లెలో, ఊరి ఏ దిక్కున కాపురముండిరో చెప్పుటకు సిగ్గుపడుచున్నారు. ఇంటిపేరు మార్చుకొనినవారును కలరు. వారిని తిట్టుటకు మాకు నోరు రాదు. ఆ పేరు చెప్పినందున ఇల్లు అద్దెకు దొరకక తిరిగినవారిని చూచితిమి. సిగ్గు పుట్టించినవారిది తప్పు గాని, సిగ్గుపడినవారిది కాదు. అయినను, ఆ తాత కూలి చేసి, ఆ జేజి గంపనెత్తుకొని, బిడ్డలను బడికి పంపిరి గదా. వారి పేరు పలుకుటకు జంకవలసి వచ్చుట ఎంత దుఃఖము!

పితరుల వెదకులాటలో సిగ్గు ఒక గోయియైతే, గర్వము రెండవ గోయి. అమెరికాలో గుస్తావు అంజూ అనువాడొకడు (1863-1942) ధనికులకు వంశావళులు తయారుచేసి అమ్ముట వృత్తిగా పెట్టుకొనెను. డబ్బిచ్చినవానికి ఐరోపా ప్రభువులతో సంబంధము కలిపి పెట్టెను. నిజమైన కాగితములు కొన్ని, నిజమువలె కనబడు కాగితములు కొన్ని, కల్పించినవి కొన్ని, ఈ మూటిని కలిపెను. అతని పట్టికలు నేటికిని కొన్ని కుటుంబముల పుస్తకములలో తిరుగుచు, వెదకువారిని తప్పుదారి పట్టించుచున్నవి. పౌలు తిమోతిని ఏ వంశావళులను గూర్చి హెచ్చరించెనో పండితులు పలువిధముల చెప్పుదురు. ఇట్టివానిని చూచినచో ఆ హెచ్చరిక అర్థము కాకపోదు.

సిగ్గుకును గర్వమునకును నడుమ ఇంకను కఠినమైన ప్రశ్న ఒకటి కలదు. దానిని విడిచి పోలేము. వెదకగా పితరుల పాపము దొరికినచో ఏమి చేయవలెను?

లింకనుల తాతయైన అబ్రహాము కెంటకీలో ఐదువేల ఎకరములకు పైగా భూమి సంపాదించెను. ఆ భూమికి వర్జీనియా ప్రభుత్వము పత్రములు అమ్మెను. వర్జీనియాకు ఆ హక్కు ఎక్కడిది? ఓహాయో నదికి దక్షిణపు నేలను ఇరోక్వా జాతివారు 1768లో ఇంగ్లీషువారికి ఒప్పుదలచేసి ఇచ్చిరి. కాని ఆ నేలలో వేటాడి బ్రతుకుచుండినవారు షానీలు మొదలైన వేరు జాతులవారు. షానీలు ఆ ఒప్పందమునకు సమ్మతింపలేదు. పొరుగువాని చేనును మరియొకడు విక్రయించి డబ్బు తీసికొనినట్లు ఇది జరిగెను. అందుచేత ఇరువది సంవత్సరములకు పైగా ఆ నేలమీద రక్తము కారెను.

1786లో ఒకనాడు ఆ తాత తన ముగ్గురు కుమారులతో పొలములో పని చేయుచుండగా, అడవిలోనుండి ఆదివాసి యొకడు కాల్చి అతనిని చంపెను. చిన్నవాడైన థామసుకు అప్పటికి ఎనిమిదేండ్లు. వాడు తండ్రి శవము ప్రక్క నిలిచియుండగా శత్రువు వానిని ఎత్తుకొనిపోవ వచ్చెను. పెద్దవాడైన మొర్దెకై ఇంటిలోనుండి తుపాకి గురిపెట్టి ఆ మనుష్యుని కూల్చెను. ఈ కథను థామసు తన కుమారునికి పలుమారు చెప్పెను. ప్రెసిడెంటు మనస్సులో ఇది లోతుగా నాటినది. థామసు ఆనాడు చనిపోయినచో ప్రెసిడెంటు లేడు. కుటుంబ చరిత్రలన్నిటిలోను ఈ కథ కలదు. తాత పేరు కలదు, ముగ్గురు కుమారుల పేర్లు కలవు, కాల్చిన మొర్దెకై వయస్సు కూడ కలదు. చనిపోయిన ఆ ఆదివాసి పేరు లేదు. అతడును ఒకని కుమారుడే. అతని కొరకు ఏ గుడిసెలో ఎవరు ఎదురుచూచిరో ఏ కాగితమునందును లేదు.

భూమి సంగతి అంతటితో ముగియలేదు. అప్పటి చట్టము ప్రకారము తండ్రి ఆస్తి పెద్ద కుమారునికి పోయెను. థామసు కూలి చేసి, వడ్రంగము నేర్చుకొని పెరిగెను. తరువాత అతడు కొనిన పొలములకును హక్కు తగాదాలు వచ్చెను. కెంటకీలో ఒకే నేలను ఒకనిమీద ఒకడు పత్రము వ్రాయించుకొనుట అంత విరివిగా జరిగెను. బానిసత్వము ఇష్టములేక కొంతయు, భూమి హక్కు తగాదాలవలన మరింతయు, తన తండ్రి కెంటకీ విడిచెనని ప్రెసిడెంటే 1860లో వ్రాసెను. అన్యాయముగా వచ్చిన నేల, న్యాయముగా కొనినవానికి కూడ నిలువలేదు.

బానిసత్వమనగానే మరియొక పుట తెరువవలెను. థామసు అన్నయైన మొర్దెకైకి బానిసలుండిరి. టెనెసీలోని చిన్నతాత ఐజాకుకును, వర్జీనియాలో మిగిలిపోయిన చిన్నతాత యాకోబుకును ఉండిరి. బానిసలను విడిపించిన వాని ఇంటిపేరే బానిసల యజమానులదియు. ఆ యాకోబు కట్టించిన ఇటుక ఇల్లు ఇప్పటికిని నిలిచియున్నది.

పితరుని పాపమునకు మనుమడు ఉత్తరవాదియా? నిర్గమకాండములో మూడు నాలుగు తరములవరకు రప్పించు దోషమును గూర్చి చదువుదుము. యెహెజ్కేలు పదునెనిమిదవ అధ్యాయములో కుమారుడు తండ్రి దోషమును భరింపడని ప్రవక్త ఖండితముగా చెప్పెను. ఈ రెంటిని పట్టుకొని వాదించువారు చాలమంది. మాకు తోచిన మాట ఇది. దోషము వారసత్వముగా రాదు, కాని పొలము వచ్చును. ఇల్లు వచ్చును. ఇంటిపేరుతోబాటు గౌరవము వచ్చును. మా ముత్తాత అడవి నరికి ఈ నేల సాగుచేసెనని మురియువాడు, అడవిలో అంతకుముందు ఎవరుండిరని అడుగువాని ప్రశ్నకు చెవి మూసికొనరాదు. లాభము నాదే, అప్పు మాత్రము చనిపోయినవానిది అనుట ఏ షాపుకారును ఒప్పుకొనడు. నెహెమ్యా తొమ్మిదవ అధ్యాయములో జనులు నిలువబడి తమ పాపములను తమ పితరుల పాపములను కూడ ఒప్పుకొనిరి. చనిపోయినవారిని రక్షించుటకు కాదు. తాము నిలిచిన నేల ఎట్టిదో తెలిసికొనుటకు. కనానును ఇశ్రాయేలీయులకు ఇచ్చినట్లే దేవుడు అమెరికాను మాకిచ్చెనని బోధించిన తెల్లవారు ఉండిరి. ఆ దానపత్రము ఏ ప్రవక్త వ్రాసెనో మేమెక్కడను చదువలేదు.

ఇప్పుడు క్లౌ దొరగారి కొలతలకు వత్తము. మినెసోటా నేలలో మిక్కిలి భాగమును డకోటా జాతివారు 1851 ఒప్పందములలో విడిచిపెట్టవలసి వచ్చెను. ఆ తరువాతి యేండ్లలోనే సర్వేయరులు అక్కడ గొలుసులు లాగిరి. ఆ గుంపులలో ఒకదానిలో పనిచేసి కూలి సంపాదించిన యౌవనుడు తరువాత మనయొద్దకు వచ్చెను. 1876-78 కరవులో బకింగ్‌హాము కాలువ త్రవ్వకము కంట్రాక్టు పట్టి ఆకలిగొనినవారికి పని చూపెను. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనలో అనేకుల వంశావళికి ఆ ఏరే మొదటి పుట. ఆయనను మనము తండ్రియని పిలుతుము, పిలుచుట న్యాయము. ఆయన యౌవనపు కూలి ఏ నేలమీదిదో కూడ తెలిసికొని పిలుచుట మరింత న్యాయము. దీనివలన ఆయన చేసిన మేలు తరుగదు. మనుష్యునిద్వారా మేలు వచ్చెను, దేవదూతద్వారా కాదు.

పేర్లు దొరకనివారి సంగతి చెప్పి ముగింతుము. అమెరికాలో బానిసల సంతతివారు పితరులను వెదకునప్పుడు 1870వ సంవత్సరము యొద్ద గోడ తగులును. ఆ ఏటి జనాభా లెక్కలోనే విడుదల పొందినవారందరి పేర్లు మొదటిసారి వ్రాయబడెను. దానికి ముందు 1850, 1860 సంవత్సరములలో బానిసలకు వేరు పట్టిక ఉండెను. దానిలో యజమానుని పేరు ఉండును. క్రింద వరుసగా, పేరు లేకుండ, వయస్సు, ఆడ లేక మగ, రంగు. ముప్పదియైదేండ్ల నల్లని స్త్రీ. ఆరేండ్ల మగపిల్లవాడు. ఆ ఆరేండ్లవాడే తన ముత్తాతయేమో యని నేటి మనుమరాలు ఆ గీతలను వ్రేలితో తడుముచు చూచును. కాబట్టి వారు యజమానుల వీలునామాలు చదువుదురు, ఏలయనగా పశువులతోను మంచములతోను కలిపి పంచిన ఆస్తి జాబితాలో మాత్రము ఆ పేర్లు ఉండును. తమ తల్లి పేరు వెదకుటకు ఆమెను అమ్మినవాని పుస్తకమును తెరువవలసి వచ్చుటకంటె చేదైన పని మేమెరుగము.

మన తెలుగు పల్లెలలోను దీనికి దగ్గరి గోడ కలదు. కరణముగారి అడంగలులో పొలము గలవాని పేరు ఉండెడిది. ఆ పొలము దున్నిన పాలేరు పేరు ఉండెడిది కాదు. అట్టి కుటుంబములలో అనేకులకు తాతముత్తాతల పేర్లు కాగితముమీద మొదట ఎక్కినది సంఘపు బాప్తిస్మము రిజిస్టరులోనే. దానిలోను ఒక చిక్కు కలదు. పోలయ్య పౌలైనప్పుడు పౌలు అని మాత్రమే వ్రాసినచో, పోలయ్య తండ్రి ఎవరో, ఏ ఊరివాడో మనుమలు కనుగొనలేరు. పాత పేరును, తండ్రి పేరును, తల్లి పేరును, ఊరును కలిపి వ్రాయుట మేలు. తల్లి పేరు వ్రాయుడని మరల చెప్పుచున్నాము. నాన్సీ హాంక్సు సంగతి చదివితిరి గదా. మీ సంఘములలో ఎనుబది దాటిన అవ్వలున్నచో, వారికి ఏడు తరములు నోటికి వచ్చును. ఆ నోరు మూతపడకమునుపు ఒక నోటుపుస్తకము తీసికొని వారి గడపలో కూర్చుండుడి.

ఎజ్రా గ్రంథపు రెండవ అధ్యాయములో చెరనుండి తిరిగివచ్చినవారి పట్టిక ఉన్నది. అందులో కొందరు యాజకుల ఇండ్లవారు తమ వంశావళి కాగితములను వెదకిరి గాని అవి దొరకలేదు. హబాయా, హక్కోజు, బర్జిల్లయి సంతతివారు వీరు. బర్జిల్లయి యనువాడు తన భార్య ఇంటిపేరు పెట్టుకొనినవాడు. ఊరీము తుమ్మీము ధరించిన యాజకుడు వచ్చువరకు మీరు ఆ పరిశుద్ధమైన భోజనము తినరాదని అధిపతి వారితో చెప్పెను. ఆ యాజకుడు వచ్చినట్లు గాని, తీర్పు చెప్పినట్లు గాని గ్రంథములో లేదు. అయితే పేర్లు దొరకలేదని చెప్పిన ఆ పట్టికలోనే వారి పేర్లు ఎక్కినవి. మరియు నెహెమ్యా మూడవ అధ్యాయములో, యెరూషలేము గోడ కట్టినవారిలో, హక్కోజు కుమారుడగు ఊరియా కుమారుడైన మెరేమోతు అను పేరు రెండుమారులు వచ్చుచున్నది. అతడు తన భాగము కట్టి, తరువాత మరియొక భాగము కూడ బాగుచేసెను.